గుండె దిటవు చేసుకున్న తల్లులు: రెండవ ప్రపంచయుద్ధకాలపు బ్రిటన్ (1939–45)

ప్రవేశిక

యుద్ధవేళ తల్లిని మన ఇతిహాసం రెండు రూపాల్లో బలంగా నిలిపింది. మహాభారత ఉద్యోగపర్వంలోని విదుల, ఓడి వచ్చి నీరుగారి పడుకొన్న కొడుకు సంజయుణ్ణి ములుకుల్లాంటి మాటలతో తిరిగి యుద్ధానికి పంపుతుంది. స్త్రీపర్వంలోని గాంధారి నూరుగురు కొడుకులు కూలిన నేల మీద నిలబడి విలపిస్తుంది, శపిస్తుంది. విదుల మాట యుద్ధానికి ముందుది, గాంధారి ఏడ్పు యుద్ధం ముగిశాక వచ్చినది. ఆ రెండింటి నడుమ, యుద్ధం సాగుతున్న రోజుల్లో తల్లులు పొద్దు ఎలా పుచ్చారు, పొయ్యి ఎలా వెలిగించారు, రాత్రి ఎలా కన్నుమూశారు అన్నది కావ్యానికి ప్రధానవస్తువు కాలేదు.

తెలుగు నుడికారం మాత్రం ఆ నడిమికాలాన్ని గుర్తుపట్టింది. 'గుండె రాయి చేసుకోవడం', 'గుండె దిటవు చేసుకోవడం' అనే పలుకుబళ్లు దగ్గరివే అయినా వాటి అర్థాలు వేరు. మొదటిదానిలో బాధ తెలియనంతగా బిగుసుకుపోవడం ఉంది. రెండవదానిలో బాధ తెలుస్తూ ఉండగానే నిలదొక్కుకోవడం ఉంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్‌లోని తల్లుల మానసిక జీవనాన్ని ఈ భేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. సామాన్య గృహిణుల రాతలు, ప్రభుత్వపు లెక్కలు, మనోవిశ్లేషకుల పరిశీలనలు ఈ మూడూ ఒకే కాలానికి సంబంధించి అక్కడ లభిస్తున్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టపడుతుంది. ప్రభుత్వం తల్లులను గుండె రాయి చేసుకోమని కోరింది. తల్లులు గుండె దిటవు చేసుకున్నారు. అందుకోసం చాలామంది ప్రభుత్వం మాట వినడం మానేశారు.

యుద్ధానికి ముందరి అంచనాలు

యుద్ధం మొదలుకాకముందే ప్రజల మనస్సుల గురించి బ్రిటన్ పాలకవర్గం భయపడింది. బాంబులు పడిన తొలి ఆరు నెలల్లోనే ముప్ఫై నలభై లక్షలమంది మానసిక రుగ్మతలకు లోనవుతారని 1938లో మనోవైద్యుల బృందమొకటి అంచనా వేసింది. స్త్రీలు, ముఖ్యంగా నగరాల్లోని పేద తల్లులు, ముందుగా బెదిరిపోతారన్న అనుమానం ఆనాటి అధికారుల ఆలోచనల్లో అంతర్లీనంగా కనిపిస్తుంది. 'ప్రశాంతంగా ఉండండి, పని సాగించండి' అనే అర్థం వచ్చే గోడపత్రికను 1939లో లక్షల సంఖ్యలో అచ్చువేసింది ఈ భయంతోనే. ఈనాడు కాఫీకప్పుల మీద, చొక్కాల మీద ఆనాటి ధైర్యానికి గుర్తుగా చలామణీ అవుతున్న ఈ వాక్యాన్ని ఆ కాలపు తల్లులలో చాలామంది చూడనేలేదు. ఆ పత్రికలను దాదాపుగా అతికించకుండానే పక్కన పెట్టి, తర్వాత కాగితపు గుజ్జుగా మార్చారు.

అంచనా తప్పింది. రిచర్డ్ టిట్‌మస్ 1950లో వెలువరించిన అధికారిక చరిత్రలో, దాడుల కాలంలో మానసిక వైద్యశాలలు రోగులతో నిండిపోలేదని చూపించాడు. ఇది చరిత్రకారులు తరచుగా ఉదాహరించే విషయం. అయితే దీన్నుంచి తల్లులు బాధపడలేదని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. ముగ్గురు పిల్లలను చంకన, చేత, వెంట వేసుకొని రేషను వరుసలో నిలబడిన స్త్రీకి, తన నిద్రలేమిని వైద్యునికి చెప్పుకొనే తీరిక ఉండదు. వైద్యశాల రిజిస్టరు తలుపు తట్టినవారిని మాత్రమే లెక్కిస్తుంది. మిగిలినవారి లెక్క కోసం మరోచోట వెతకాలి.

చీటీ కట్టిన పిల్లలు

1939 సెప్టెంబరు 1న, బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందు, నగరాలనుంచి పిల్లల తరలింపు మొదలయింది. కొద్దిరోజుల్లోనే సుమారు 15 లక్షలమంది ప్రభుత్వ పథకం కింద పల్లెలకు, చిన్న పట్టణాలకు చేరారు. వారిలో తల్లిదండ్రులు లేకుండా ఉపాధ్యాయుల వెంట వెళ్లిన బడిపిల్లలు దాదాపు 8 లక్షల 27 వేలు. అయిదేళ్లలోపు పిల్లలు, వారితోపాటు వెళ్లిన తల్లులు కలిసి సుమారు 5 లక్షల 24 వేలు. సుమారు 13 వేలమంది గర్భిణులు. కోటుకు కట్టిన పేరుచీటీ, భుజాన అట్టపెట్టెలో గ్యాస్ మాస్కు, చేతిలో చిన్న మూట ఆ పిల్లల గుర్తులు.

ఈ దృశ్యాన్ని ఛాయాచిత్రాలు పిల్లల వైపునుంచి చూపాయి. తల్లి వైపునుంచి చూస్తే ఇది మరొక రకమైన అనుభవం. బిడ్డ ఏ ఊరికి వెళ్తున్నదీ ఆమెకు ముందుగా తెలియదు. స్టేషన్ దగ్గర చాలాచోట్ల ఆమె గేటు ఇవతలే ఆగిపోవలసి వచ్చింది. చేరిన తర్వాత చిరునామా రాసి పంపమని పిల్లలకు పోస్టుకార్డులు ఇచ్చారు. ఆ కార్డు వచ్చేదాకా, తన కడుపున పుట్టిన బిడ్డ ఏ ఇంటి కప్పుకింద పడుకున్నదో తెలియకుండా తల్లులు రాత్రులు గడిపారు. తరలింపు నిర్బంధం కాదు. తల్లి అంగీకారంతోనే జరిగింది. అందువల్లనే దాని బరువు ఎక్కువ. బలవంతంగా తీసుకుపోతే నింద మరొకరి మీద వేయవచ్చు. చేజేతులా పంపిన తల్లికి ఆ ఊరట కూడా లేదు. ఉంచుకొంటే బాంబుకు, పంపితే పరాయివారికి అన్న రెండింటిలో ఒకదాన్ని ఎంచుకొనే భారాన్ని రాజ్యం ఆమె మీద మోపింది.

పైగా నింద కూడా ఆమెకే వచ్చింది. వచ్చిన పిల్లల్లో తలపేలు ఉన్నాయని, రాత్రిపూట పక్క తడుపుతున్నారని, సరైన చెప్పులు లేవని ఆశ్రయమిచ్చిన ఊళ్లనుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పత్రికల్లో, పార్లమెంటులో ఇది నగరాల పేదతల్లుల పెంపకం మీద తీర్పుగా మారింది. పక్క తడపడానికి బిడ్డ తల్లిని విడిచి రావడమే కారణం కావచ్చునన్న ఆలోచన ఆ తొలివారాల్లో కొద్దిమందికే కలిగింది. డొనాల్డ్ వినికాట్, జాన్ బౌల్బీ, ఇమాన్యుయేల్ మిల్లర్ 1939 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు రాసిన లేఖలో, రెండునుంచి అయిదేళ్ల పిల్లలను తల్లులనుంచి వేరుచేస్తే తీవ్రమైన మానసిక సమస్యలు తలెత్తగలవని హెచ్చరించారు.

తల్లులు ఆ లేఖ చదవలేదు. చదవకుండానే చాలామంది పిల్లలను వెనక్కు తెచ్చుకోసాగారు. 1940 జనవరి నాటికి సుమారు 9 లక్షలమంది ఇళ్లకు తిరిగివచ్చారు. ఇందుకు కారణాలు అనేకం. అనుకొన్న బాంబులు ఆ నెలల్లో పడలేదు. అక్టోబరు చివరినుంచి, స్తోమతను బట్టి, ఒక్కో బిడ్డకు వారానికి ఆరు షిల్లింగుల దాకా తల్లిదండ్రులనుంచి వసూలు మొదలయింది. చూసి రావడానికి రైలుఖర్చు వేరు. అన్నిటికీ మించి క్రిస్మస్ వచ్చింది. పసిపిల్లలతో వెళ్లిన తల్లులైతే బడిపిల్లలకంటె ఎక్కువ నిష్పత్తిలో తిరిగివచ్చారు. పరాయి ఇంట్లో, పరాయి ఇల్లాలి పొయ్యి దగ్గర తన వంతు కోసం కాచుకోవడం వారికి దుర్భరమయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మన సామెత వంటింటికి ఎక్కువగా వర్తిస్తుంది.

ఈ తిరుగుప్రయాణాన్ని ప్రభుత్వం బలహీనతగా చూసింది. చెట్టుకింద పిల్లలతో కూర్చున్న తల్లి చెవిలో హిట్లర్ ఛాయారూపం 'వాళ్లను వెనక్కు తీసుకుపో' అని గుసగుసలాడుతున్నట్టు బొమ్మవేసి, 'ఆ పని చేయకు తల్లీ' అనే భావంతో గోడపత్రిక విడుదల చేసింది. కడుపుతీపిని శత్రువు పన్నాగంగా చిత్రించిన పత్రిక అది. ప్రభుత్వపు ఆందోళన నిరాధారమైనదేమీ కాదు. 1940 సెప్టెంబరు 7న లండన్ మీద దాడులు మొదలై వరుసగా 57 రాత్రులు సాగాయి. 1941 మే వరకు నడిచిన ఆ బాంబుదాడుల్లో దేశంలో 40 వేలకు పైగా పౌరులు మరణించారు. తిరిగివచ్చిన పిల్లల్లోనూ చనిపోయినవారున్నారు. కనుక తల్లులది సరైన నిర్ణయమని తీర్పుచెప్పడం ఇక్కడ ఉద్దేశ్యం కాదు. తీసుకున్న నిర్ణయంతోనే వారు తమ మనస్సును నిలబెట్టుకున్నారన్నది గమనించదగిన విషయం. చస్తే అందరం కలిసే చద్దామన్న మాట ఆనాటి రికార్డుల్లో పదేపదే వినిపిస్తుంది. అది నిరాశలా వినిపించినా, తెలియనిచోట ఉన్న భయాన్ని కళ్లెదుటి భయంగా మార్చుకోవడం అందులో ఉంది.

విదేశాలకు పంపడం ఇంకా కఠినమైన పరీక్ష. 1940 వేసవిలో పిల్లలను కెనడా, ఆస్ట్రేలియా మొదలైన దేశాలకు పంపే పథకానికి కొద్దివారాల్లోనే రెండులక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరు 17 రాత్రి 'సిటీ ఆఫ్ బెనారస్' ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. ఆ పథకం కింద ఓడ ఎక్కిన 90 మంది పిల్లల్లో 77 మంది మరణించారు. వారితో పాటు ఎందరో భారతీయ నావికులూ మరణించారు. కాశీ పేరు పెట్టుకున్న ఆ ఓడ కథలో బ్రిటిష్ పిల్లల తల్లుల పేర్లు స్మారకాల్లో, గ్రంథాల్లో దొరుకుతాయి. నావికుల తల్లుల కడుపుకోతకు అంతటి చోటు దక్కలేదు. ఆ సంఘటనతో పథకం ఆగిపోయింది.

అదే యుద్ధం 1942 ఏప్రిల్ 6న ఆంధ్రతీరాన్నీ తాకింది. జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖవాసులు మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెల్లోని బంధువుల ఇళ్లకు తరలిపోయారు. ఇక్కడ తల్లి బిడ్డను పరాయి ఇంటికి పంపి తాను ఆగిపోయే పద్ధతి లేదు. పుట్టింటికో మేనమామ ఇంటికో కుటుంబం మొత్తంగా కదలింది. బ్రిటన్‌లో వేలమంది అధికారులు కాగితాల మీద నడిపిన పనిని ఇక్కడ చుట్టరికం నెరవేర్చింది. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే, తల్లీబిడ్డల ఎడబాటు యుద్ధానికి అనివార్యమైన పర్యవసానం కాదనీ, అది ఒకానొక పాలనావిధానపు ఎంపిక అనీ తెలుస్తుంది.

హేంప్‌స్టెడ్ శిశుగృహాలు

ఎడబాటు ఫలితాలను నిశితంగా చూసినవారిలో అన్నా ఫ్రాయిడ్ ముఖ్యురాలు. నాజీల ఆక్రమణవల్ల 1938లో వియన్నా విడిచి తండ్రితో లండన్ చేరిన ఆమె, అమెరికన్ మిత్రురాలు డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి 1941లో హేంప్‌స్టెడ్ ప్రాంతంలో యుద్ధకాల శిశుగృహాలను ప్రారంభించింది. ఇళ్లు కూలినవారి పిల్లలు, తండ్రి సైన్యంలో తల్లి కర్మాగారంలో ఉన్న పిల్లలు అక్కడ చేరారు. అమెరికాలోని దాతల సంస్థ ఒకటి ఖర్చు భరించింది.

వారి నివేదికల్లో రెండు పరిశీలనలు ఈ వ్యాసానికి కీలకం. పసిబిడ్డ బాంబును తనంతట తాను కొలవలేదు. తల్లి ముఖం చూసి కొలుస్తుంది. దాడివేళ తల్లి నిబ్బరంగా ఉంటే బిడ్డ శబ్దాన్ని ఉరుమువలె స్వీకరించి నిద్రపోతుంది. తల్లి వణికితే బిడ్డా వణుకుతుంది. ఇక రెండవది, బాంబుదాడికంటె తల్లినుంచి హఠాత్తుగా విడిపోవడమే చిన్నపిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తుందని. కనుక ఆ గృహాల్లో తల్లులు ఏ వేళనైనా రావచ్చునన్న నియమం పెట్టారు. పాలిచ్చే తల్లులకు అక్కడే పని ఇచ్చి బిడ్డతో ఉండనిచ్చారు. విడిపోక తప్పనప్పుడు దానిని అంచెలంచెలుగా జరిపించారు.

పిల్లల మనస్తత్వ అధ్యయనానికి ఇవి మేలిమలుపులు. తల్లుల చరిత్ర వైపునుంచి చదివితే మొదటి పరిశీలనలో ఒక చిక్కు ఉంది. బిడ్డ భయపడకుండా ఉండాలంటే తల్లి భయపడరాదు, లేదా భయపడినట్టు కనిపించరాదు. అంటే ఆమె ముఖకవళికలు కూడా యుద్ధప్రయత్నంలో భాగమయ్యాయి. తోటలోని ఇనుపరేకుల ఆశ్రయంలోనో, మెట్లకింది అరలోనో కూర్చొని, పైన విమానం మోగుతుండగా కథ చెప్పే తల్లి గొంతు తొణకకూడదు. 1940 నవంబరులో లండన్‌లో జరిపిన లెక్కింపు ప్రకారం భూగర్భ రైలుస్టేషన్లలో రాత్రి తలదాచుకొన్నవారు నూటికి నలుగురే. ప్రజా ఆశ్రయాల్లో తొమ్మిదిమంది, ఇంటి ఆశ్రయాల్లో 27 మంది. మిగతా వారంతా తమ ఇళ్లలోనే, బల్లకిందో మంచం మీదో ఉన్నారు. సొరంగాల్లో బారులు తీరి పడుకొన్న జనం ఛాయాచిత్రాలు మనకు పరిచితం. కాని ఎక్కువమంది తల్లులు భయాన్ని దాచుకొన్నది నాలుగు గోడల మధ్య, ఛాయాగ్రాహకుడు రాని చోట.

భయాన్ని దాచడం శ్రమ. దానికి వేతనం లేదు, రేషనులో అదనపు కూపను లేదు. యుద్ధం తర్వాత బౌల్బీ సిద్ధాంతాలు ప్రచారంలోకి వచ్చినప్పుడు ఈ శ్రమే సహజమైన మాతృధర్మంగా పేరు మార్చుకొంది. కర్మాగారాల్లో పనిచేసే తల్లులకోసం తెరచిన శిశుకేంద్రాలు యుద్ధానంతరం చాలావరకు మూతపడ్డాయి. తల్లి ఇంట్లోనే ఉండాలన్న వాదనకు ఎడబాటు అధ్యయనాలు బలం చేకూర్చాయని డెనిస్ రైలీ 1983లో ప్రచురించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని విమర్శనాత్మకంగా చర్చించింది. అన్నా ఫ్రాయిడ్ గృహాలు తల్లికి తలుపు తెరచిపెట్టాయి. తర్వాతి కాలం అవే పరిశీలనలతో ఆమెను తలుపు లోపల ఉంచింది.

వార్త రాని ఇళ్లు

కొడుకులు సైన్యంలో ఉన్న తల్లుల స్థితి వేరు. వారి భయానికి సైరన్ వంటి సంకేతం లేదు, దాడి ముగిసిందన్న సూచన లేదు. పైగా రాజ్యమే వార్తను తొక్కిపట్టిన సందర్భాలున్నాయి. 1941 నవంబరులో 'బర్‌హామ్' యుద్ధనౌక మునిగి 850 మందికి పైగా మరణిస్తే, ఆ వార్తను 1942 జనవరి చివరిదాకా బహిరంగపరచలేదు. ఆ విరామంలో పోర్ట్స్‌మత్‌లో హెలెన్ డంకన్ అనే స్త్రీ నిర్వహించిన ప్రేతావాహన సభలో ఆ నౌక నావికుని ఆత్మ తల్లికి కనిపించిందన్న కథ ప్రచారంలో ఉంది. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, 1944లో డంకన్‌ను 1735 నాటి మంత్రవిద్యల చట్టం కింద శిక్షించారన్నది చరిత్ర. సోదెకత్తె దగ్గరకు వెళ్లిన తల్లిని మూఢురాలని కొట్టిపారేయడం సులభమే. అయితే ప్రభుత్వం నోరు మూసుకొన్నప్పుడు ఆమె మరెవరిని అడగాలి?

1943 మార్చి 3న లండన్ బెత్నాల్ గ్రీన్ స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాటలో 173 మంది చనిపోయారు. వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు పడలేదు. విచారణ నివేదికను యుద్ధం చివరిదశ వరకు బయటపెట్టలేదు. బిడ్డ ఎలా పోయిందో నలుగురిలో చెప్పుకొని ఏడ్చే వీలు లేని దుఃఖం అది. గాంధారికి కనీసం కురుక్షేత్రం కళ్లెదుట ఉంది.

'గృహిణి, 49'

ఈ సామగ్రి అంతటిలో ఒక తల్లి లోపలి జీవితాన్ని సంవత్సరాల పొడుగునా చూపగలిగినది నెల్లా లాస్ట్ డైరీ. ప్రజల దైనందిన జీవితాన్ని నమోదు చేసేందుకు 1937లో ఏర్పడిన 'మాస్ అబ్జర్వేషన్' సంస్థ, యుద్ధారంభంలో స్వచ్ఛందంగా డైరీలు రాసి పంపమని కోరింది. ఓడల నిర్మాణకేంద్రమైన బారో-ఇన్-ఫర్నెస్ పట్టణానికి చెందిన నెల్లా అందుకు స్పందించింది. పేరుకు బదులు వృత్తి, వయస్సు రాసే పద్ధతివల్ల ఆమె 'గృహిణి, 49' అయింది. భర్త వడ్రంగి. ఇద్దరు కొడుకులు ఆర్థర్, క్లిఫ్. చిన్నవాడు క్లిఫ్ సైన్యంలో చేరాడు. ఆమె యుద్ధకాలపు డైరీలోని భాగాలు 1981లో పుస్తకంగా వెలువడ్డాయి.

యుద్ధానికి కొద్దికాలం ముందు ఆమె మానసికంగా కుంగిపోయి ఉంది. మనోవైద్యుల అంచనా ప్రకారమైతే ఆమెవంటి స్త్రీ తొలి సైరన్‌కే కూలిపోవాలి. జరిగింది వేరు. స్త్రీల స్వచ్ఛంద సేవాసంస్థ కేంద్రంలో ఆమె కుట్టుపని చేసింది, సంచార క్యాంటీనులో టీ అందించింది, యుద్ధఖైదీల పార్శిళ్లకోసం రెడ్‌క్రాస్ దుకాణం నడపడంలో పాలుపంచుకొంది. పాతగుడ్డ పేలికలతో బొమ్మలు కుట్టింది. 1941 వసంతంలో బారో మీద జరిగిన దాడుల్లో ఆమె ఇల్లు దెబ్బతింది. గోడలు బీటలువారిన ఇంట్లోనే సంసారం సాగించింది.

పని ఆమెకు మందు అయిందని చెప్పి ఊరుకొంటే డైరీ సగమే చదివినట్టు. పగలు కేంద్రంలో హాస్యమాడుతూ తోటివారిని నవ్విస్తూ తిరిగిన మనిషే, రాత్రి పక్క మీద కూర్చొని కొడుకు గురించిన బెంగను కాగితం మీద పెడుతుంది. భర్తకు ఇంట్లో మౌనం ఇష్టం. మనసులోని మాట వినే చెవి ఆమెకు ఇంట్లో లేదు. ఆ చెవిని ఎన్నడూ చూడని ఒక సంస్థలో ఆమె వెతుక్కొంది. ఏడవకుండా ఉండడం ఆమె పద్ధతి కాదు. ఎక్కడ ఏడవాలో, ఎంతసేపు ఏడవాలో తానే నిర్ణయించుకోవడం ఆమె పద్ధతి. గుండె దిటవు చేసుకోవడమంటే ఇదే. రాయి అయిన గుండె డైరీ రాయదు.

మరో మార్పు కూడా నెమ్మదిగా బయటపడుతుంది. ఏళ్ల తరబడి భర్త అభీష్టానికి తలవంచిన స్త్రీ, తన శ్రమకు ఇంటి వెలుపల విలువ ఉందని గ్రహించిన తర్వాత, ఆ దాంపత్యాన్ని నిర్మొహమాటంగా పరీక్షించడం మొదలుపెడుతుంది. పూర్వపు మనిషిగా తిరిగి మారలేనన్న ఎరుక డైరీలో పలుమార్లు తొంగిచూస్తుంది. కొడుకు కోసం పడిన భయమే ఆమెను ఇంటినుంచి బయటకు నడిపించింది, బయటి ప్రపంచం ఆమెకు తననే చూపించింది. ఇది యుద్ధం చేసిన మేలు అనడం అన్యాయం. అందుకు ఆమె చెల్లించిన వెల, నిద్రలేని రాత్రుల రూపంలో, అదే పుటల్లో ఉంది.

క్లిఫ్ 1944లో ఇటలీలో గాయపడి బతికి బయటపడ్డాడు. 1945లో శాంతి వచ్చినప్పుడు నెల్లాకు ఊరటతోపాటు వెలితి కూడా కలిగింది. సేవాకేంద్రం పనులు ముగిసిపోతున్నాయి, తిరిగి నాలుగు గోడల మౌనం ఎదురుచూస్తున్నది. యుద్ధం తీసుకుపోని కొడుకును శాంతి దూరం చేసింది. క్లిఫ్ 1947లో ఆస్ట్రేలియా వెళ్లి, మెల్‌బోర్న్‌లో శిల్పిగా స్థిరపడ్డాడు. ఆమె మాత్రం మాస్ అబ్జర్వేషన్‌కు డైరీ రాసి పంపడం మానలేదు. ఆ రాతలు 1966 దాకా సాగాయి.